అన్నం మీద ఒట్టు

అరబ్బు దేశంలో కూలీలుండే మామీర్ క్యాంపు, 2006. శుక్రవారం సెలవు. చేసంచితో సహా లచ్చన్న గదికి వచ్చిన ముత్యానికి అసలు మాట ఎత్తాలంటే భయం. అందుకే చీనావాళ్ల కథ ఎత్తుకున్నాడు.

“గదే చెప్తున్న లచ్చన్నా. చీనోళ్ల ముఠాలు గట్లనే పుట్టినయట.”

“ఎవడు చెప్పిండ్రా?”

“వెల్డింగ్ చేసే చెన్. సగం హిందీ, సగం చేతులు.”

“చేతులతోని చెప్తె నీకు అర్థమైందా? నేను తెలుగుల చెప్పినా కాదు గద.”

“నవ్వకు, విను. రెండు వందల ఏండ్ల కింద, బతుకపోయినోళ్లు. జరమొస్తె గంజి పోసెటోడు లేడు, సస్తె మోసెటోడు లేడు. అందరు గూడి కోడి నెత్తురు సారాల కలుపుకొని తాగి, అన్నదమ్ములం అనుకున్నరు.”

“సంఘం పెట్టినప్పుడు మనం కోడికూర తిని, అన్నం మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నం. గంతే తేడా. మరి ముఠాలెట్లయిన్రు?”

“మెల్లమెల్లగ. ఓడలెక్కి సింగపూరు, అమెరికా దాంక పోయిన్రు. ఏడికి పోతె ఆడ సంఘం. ఎవడు ఏ పని చెయ్యాల్నో వాళ్లే చెప్పుడు.”

“పెద్దమనిషన్నంక చెప్పొద్దా?”

“నువ్వు గూడ చెప్తవు గద. ఎవడు ఏ గదిల పండాల్నో, ఎవడు ఫోర్‌మన్‌తోని మాట్లాడాల్నో.”

“నన్ను ముఠా నాయకుణ్ణి చేసినవా? బాత్రూంల జారిపడ్డ కాంచి మంచం మీదికెళ్లి లేవనే రాదు నాకు.”

“నువ్వెందుకు లేస్తవు? నీ పేరు మీద సంఘపోళ్లు నర్సింగ్, సోమరాజు లేస్తరు.”

“ఏమన్నవు?”

“ఏం లేదు. చాయ్ పోస్త ఉండు.”

“అన్నవు. చెప్పు.”

“సంఘం ఇడిసిపెడ్తనన్నడు వెంకన్న. తెల్లారెటాళ్లకు వాని చెయ్యి ఇరిగింది.”

“బాత్రూంల జారిండు.”

“అందరు ఆడనే జారుతున్నరు.”

“…చాయ్ సల్లారుతది, తాగు. ఆ సంచేంది?”

“పక్కూరు నువైద్రాత్‌ల మా బామ్మర్ది గదిల మంచం ఖాళీగున్నది.”

“అన్నం మీద చెయ్యి పెట్టినవు ముత్యం.”

“పెట్టిన. నీకు జరమొస్తె ఎప్పుడైనా ఉరికొస్త. సంఘంల మాత్రం ఉండ. నాకు భయమైతున్నదన్నా.”

“వాళ్లల్ల ఎవడన్న పోతనంటె ఏం చేస్తరట? చెన్ చెప్పలేదా?”

“పోనియ్యరట.”

“ఊఁ. నర్సింగ్‌కు చెప్పినవా, పోతున్నట్టు?”

“పొద్దుగాల చెప్పిన. లచ్చన్నను అడిగి పో అన్నడు.”

“నాకు గూడ ఒకనాడు గట్లనే నవ్వుకుంట పొమ్మని చెప్పిండు. ఇప్పుడు వాడు గేటు కాడ నిలవడ్డడు, అటు పోకు. వంటగది ఎనుక తొవ్వ పట్టు.”

“నీకెందుకు చెప్పిండు? సంఘం పెద్దవు నువ్వు గద?”

“పేరుకురా. సంఘం ఇడిసి పోతనన్న దినం నేను గూడ బాత్రూంల జారలే.”