ఎవరి చేతి పని

కొండచరియ విరిగిపడిన మర్నాడు, భోజ్‌పూర్ కొలిమి దగ్గరికి ఒకామె పిడి ఊడిన వంపు కత్తి, ఖుక్రీ ఒకటి తెచ్చి పెట్టింది. కమ్మరికి దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

"బురదలో ఇదొక్కటే దొరికింది అన్నా. మా ఆయనకి నువ్వు చేసిచ్చిందేనా?"

"కాదమ్మా. నా కత్తికి వెన్ను మందంగా ఉంటుంది. ఇది నా సుత్తి దెబ్బ కాదు."

"ఒట్టు?"

"ఒట్టు."

"బతికించావు! ఆయనా, మీ అబ్బాయీ కలిసేగా కట్టెలకెళ్లారు. ఇద్దరూ ఏ రాతి చాటునో తలదాచుకునుంటారు... మరి ఇదెవరి పని?"

అతను అంచు మీద వేలు పెట్టాడు.

"వంపు దగ్గర ఇంత పలచగా సాగగొట్టకురా అని ఎన్నిసార్లు తిట్టానో. తన కోసం చేసుకున్నప్పుడు కూడా వినలేదమ్మా, మావాడు."