నీ వరస ఎక్కడిదాకా

అది కాదక్కా, గిన్నెలు తుడుచుకునే గుడ్డలు బజార్లో దొరక్కనా? పాత దుప్పటి ఒకటి చింపితే ఇంటి నిండా గుడ్డలే. నువ్వేమో కూర్చుని నూలుదారంతో చేత్తో అల్లావు. అల్లినదానివి నీతో పట్టుకుపోవచ్చుగా? ఈ వంటింట్లో వదిలేసి పోయావు. ఇప్పుడు నా పీకల మీదికొచ్చింది.

నవ్వుతున్నావా? నవ్వు, నీకేం!

ఈ వేళప్పుడు అత్తయ్య కునుకు తీస్తుంది. పిల్ల బడికెళ్ళింది. ఆయన ఏ మేడలోనో చెడిపోయిన లిఫ్టులో తల దూర్చి ఉంటారు. ఇంట్లో ఉన్నది నువ్వూ నేనూ. పోయినదానివి పోయినట్టు ఉంటావా అంటే ఉండవు. సింకు పక్కన నువ్వే, డబ్బాల వెనక నువ్వే. తలుపు వెనక మేకు చూడు, నీ ఎత్తుకి కొట్టించావు. మునివేళ్ళ మీద లేస్తే గానీ నాకు అందదు. మొదటి పెళ్ళాం పొడుగుది అని రోజూ నాకు గుర్తుచెయ్యాలా ఏంటి?

నేనొచ్చిన కొత్తల్లో ఒకరోజు పాత తువ్వాలు ముక్కతో పళ్ళెం తుడుస్తున్నా. నీ కూతురు వచ్చింది. నా చేతిలోంచి ముక్క లాక్కుని పక్కన పడేసి, నువ్వు అల్లిన గుడ్డ తీసి ఆ పళ్ళేన్ని మళ్ళీ తుడిచి పెట్టింది. ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండేది.

సరే, అవే వాడదాం అనుకున్నా. ఎన్నాళ్ళుంటాయి? నూలేగా! ఉతికి ఉతికి జల్లెడలైపోయాయి. ఒకటి చిరిగితే చాలు, ఆ పూట కంచం ముట్టదు ఆ పిల్ల. ఆయనతో చెప్తే, "చిన్నపిల్ల, అదే మర్చిపోతుందిలే" అన్నారు. అన్న మనిషే, చిరిగినదొకటి తీసుకెళ్ళి పనిముట్ల పెట్టెలో స్పానర్ల కింద దాచుకున్నారు. నేను చూశా. చూడనట్టే ఊరుకున్నా. ఏమనమంటావు?

అందుకే నేర్చుకుందామనుకున్నా. పెద్ద బ్రహ్మవిద్యా, గిన్నెలు తుడిచే గుడ్డేగా!

అబ్బా! ఏళ్ళ తరబడి మిషను మీద బడిపిల్లల యూనిఫాంలు కుట్టినదాన్ని, ఆ రెండు అల్లిక సూదుల దగ్గర నా పొగరంతా దిగిపోయింది. దారాల కొట్టావిడ మొదటి వరస సూదికెక్కించి చూపించింది. "ఈ కుట్టులో సూది దూర్చు, దారం చుట్టు, లాగు, జార్చు. ఇంతే" అంది. ఇంతేనట! ఉన్నిదారమైతే కాస్త సాగుతుందట, నూలు సాగి చావదు. భయానికి నేను బిగించి లాగుతానా, సూది కదలదు. వదులు చేస్తే కుట్లు జారిపోతాయి. ఒకటి జారిందంటే నిచ్చెన మెట్లలా కిందిదాకా విడిపోతుంది. నా మొదటి గుడ్డ చూసి అత్తయ్య, "ఎవరికే దెబ్బ తగిలింది?" అంది. కట్టు కట్టే గుడ్డనుకుంది పాపం.

కానీ ఒకటి గమనించానక్కా. నీ గుడ్డలన్నీ కింద సన్నగా మొదలై పైకెళ్ళేకొద్దీ వెడల్పవుతాయి. ఒక్కటి కూడా చదరంగా లేదు. ఏదో డిజైను కాబోలనుకుని, ఒకటి పట్టుకెళ్ళి కొట్టావిడకి చూపించి, ఇలాంటిది నేర్పమన్నా.

ఆవిడ పడీపడీ నవ్వింది. "డిజైనా నా మొహమా! ఇది అల్లిన అమ్మాయి వరస మొదట్లో దారం సూది పైనుంచి పోనిచ్చేది. ఒక కుట్టు రెండై గుడ్డ వెడల్పయ్యేది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. జబ్బుపడ్డాక, చేతులకి ఏదో ఒక పని పెట్టుకోమని డాక్టరు చెప్పాడని వచ్చింది తల్లి. అసలు ఆ అమ్మాయికి అల్లిక రాలేదు" అంది.

రాలేదట!

ఈ ఇంట్లో నీకు రాని పనంటూ ఉందని నాకెవరు చెప్పారు? అత్తయ్య నోట వింటే నువ్వు పట్టిందల్లా బంగారం. ఆ సాయంత్రం మెట్లెక్కుతూ నాలో నేనే నవ్వుకున్నా. రెండో అంతస్తు దగ్గర ఆగిపోయా. అక్కడే గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చా. నువ్వూ నాలాగే తడబడుతూ మొదలుపెట్టావు. దిద్దుకునే టైమే లేకపోయింది.

అప్పట్నుంచి నీ తప్పు నేర్చుకున్నా. అవునక్కా, కావాలనే. తిన్నగా అల్లడం వచ్చాక మళ్ళీ వంకరగా అల్లడం ఎంత కష్టమో తెలుసా? వరస మొదట్లో దారం పైకి వెయ్యాలి, ఒకటి రెండవ్వాలి. అది కూడా ప్రతిసారీ కాదు, నీకు గుర్తున్నప్పుడు సరిగ్గా వేసేదానివి కదా! నువ్వు ఎక్కడ మర్చిపోయి ఉంటావో నేను ఊహించుకోవాలి. ఒకరోజు అలా అల్లుకుంటుంటే అత్తయ్య గుమ్మంలోంచి, "ఆ భుజం అలా ఎగేయకే, నొప్పెడుతుంది" అంది. అని టక్కున ఆగిపోయింది. నా మొహంలోకి కాసేపు చూసి, వెళ్ళి పడుకుంది.

నేను భుజం ఎగేసి కూర్చునే మనిషిని కాదక్కా. ఎప్పుడూ కాదు.

నా గుడ్డలు నీవాటిలో కలిపేశా. పిల్ల తీసింది, తడిమి చూసింది, తుడిచింది. అమ్మయ్య అనుకున్నా. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, నేను గిన్నెలు సర్దుతుంటే వచ్చి ఒక సంచి నా ముందు పెట్టింది. లోపల నువ్వు సగంలో వదిలేసిన గుడ్డ. ఇన్నాళ్ళూ పిల్ల దాన్ని పక్కలో పెట్టుకుని పడుకునేదట, సూది ఊడి ఎక్కడో పడిపోయింది. కుట్లన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. దారం ఉండ ఇంకా దానికే వేలాడుతోంది.

"పూర్తి చెయ్యండి" అంది.

విడిపోయినంత మేరా విప్పితే గానీ సూదికెక్కదు. విప్పుతూ లాగితే దారం తిన్నగా వస్తుందా? రాలేదు. నువ్వు వేసిన వంపులన్నీ దానికి గుర్తున్నాయి. ఉంగరాలు తిరిగి నా వేళ్ళకి చుట్టుకుంటోంది. మంచం మీద కూర్చుని నువ్వు అల్లిన పూటలు నేను ఊడదీస్తున్నా అనిపించింది. ఆ దారంతోనే మళ్ళీ అల్లా. విప్పిన దారం అయిపోయి ఉండలోని దారం ఎప్పుడందుకున్నానో చూసుకోలేదు. చూసుకోవాల్సింది.

ఇవాళ పొద్దున ఇచ్చా. పిల్ల మోకాళ్ళ మీద పరుచుకుంది. వేలితో కిందినుంచి పైకి, పైనుంచి కిందికి తడిమింది. ఎంత వెతికినా అతుకు కనపళ్ళేదు.

"ఇందులో అమ్మ ఎక్కడిదాకా ఉంది?" అంది.

నేను వంగి గుడ్డలోకి చూశా.

"నీకు తెలుసుగా. చూపించు."

చూపించు అందక్కా! ఇన్నాళ్ళూ అండీ అండీ అని పక్కింటావిణ్ణి పిలిచినట్టు పిలిచిన పిల్ల, మొదటిసారి నన్ను నువ్వు అంది.

నీ దారమే, నా ముడి. నీ తప్పే, నా చెయ్యి. ఎక్కడ నువ్వు ఆగావు, ఎక్కడ నేను మొదలయ్యాను, నాకు తెలిస్తేగా!

ఒక చోట వేలు పెట్టా. "ఇక్కడ" అన్నా.

"మర్చిపోకుండా ఎర్రదారం వెయ్యి" అంది. ఆ వరస పొడుగునా వేశా. తృప్తిగా తలూపి, దాని కిందంతా అరచేత్తో నిమిరి, గుడ్డ మడిచి బ్యాగులో పెట్టుకుని బడికెళ్ళిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పేస్తా. ఎవరికి చెప్పుకోను నీకు కాకపోతే? సరిగ్గా ఎక్కడో నాకు తెలీదన్న మాట నిజమే. కానీ అంత కిందైతే కాదని తెలుసు. నా వేలు నీ వరసల్లోకి దిగిందని తెలిసే పెట్టా. నీవి కొన్ని నావని చెప్పుకున్నా. పైభాగాన్ని కూడా అది ఒక్కసారి నిమురుతుందేమోనని ఆశ.

నిమరలేదు.

కోపమొచ్చిందా? రానీ. ఇంత ఇంట్లో నీ దగ్గర నేను లాక్కున్నది ఆ నాలుగు వరసలే. తిరిగివ్వమంటే ఇవ్వను.