లారీని లాగిన వించి

పాత బండి సామాన్ల కొట్టు. బయట ముసురు. బురదలో దిగబడ్డ బండిని తాడేసి బయటికి లాగే వించిలు నూనె మరకల బల్ల మీద వరసగా ఉన్నాయి. బల్ల వెనక కొట్టువాడు, ఇవతల చిన్న వించి ఒకటి చేతిలో పట్టుకుని అల్లుడు. పక్కనే మామగారు ముక్కుకు తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నారు. నోటికి మాత్రం ఏ అడ్డమూ పెట్టుకోలేదు.

“ఛీ! కింద పెట్టండి అల్లుడుగారూ, కింద పెట్టండి. ఆ చేత్తోనే మళ్ళీ అన్నం తినాలి మీరు.”

“ఏమైంది మామయ్యా? కొత్తదే కదా. పెట్టె కూడా పూర్తిగా విప్పలేదు.”

“అదే నేననేది. విప్పకముందే ఇంత కంపు కొడుతోందంటే విప్పాక ఊరు ఖాళీ చెయ్యాలి. ఏమయ్యా, దీన్ని దేనికి వాడతారు? బట్టలారేసే తాడు బిగించుకోడానికా?”

“పెద్దాయనా, గంట నుంచీ చూస్తున్నాను. మీరు సరుకు చూడ్డానికొచ్చారా, వాసన చూడ్డానికొచ్చారా?”

“నీ కొట్లో రెండూ ఒకటేనయ్యా.”

“మామయ్యా, కాస్త ఊరుకోండి. రేపు పొద్దున్న తొమ్మిదింటికి డాక్టరమ్మ బండి చూడ్డానికొస్తుంది. కొండ మీదికి మందులు తీసుకెళ్ళే పని ఎవరికివ్వాలో రేపే తేలిపోతుంది. ‘బండి బాగానే ఉంది, దిగబడితే లాగేదేది?’ అని మొన్న మొహం మీదే అనేసింది. ఇంకో ఇద్దరు బళ్ళు కడుక్కుని కాచుక్కూచున్నారు. ఇవాళ ఏదో ఒకటి బిగించాలి.”

“ఏదో ఒకటి! ఆ మాట వింటేనే డోకొస్తోంది నాకు. ఆ బండిలో మందుల పెట్టెతో పాటు ఎక్కేదెవరు?”

“మీ అమ్మాయే. ఆవిడే కదా నర్సు.”

“మరి? నా కూతురు కొండవాలులో వేలాడుతుంటే పైన పట్టుకునేది ఏదో ఒకటా?”

“సార్, దాన్నొదిలెయ్యండి. ఇది చూడండి. పెట్టె మీద ఎంతుంది? తొమ్మిది వేల అయిదొందలు.”

“ధరా?”

“కాదు సార్, లాగే బరువు.”

“తొమ్మిది వేల అయిదొందల కిలోలా! మామయ్యా, నా బండి మొత్తం తూస్తే రెండు వేలుండదు.”

“కిలోలని ఎక్కడుంది? కళ్ళజోడు పెట్టుకుని చదవండి. ఆ అంకె పక్కన చీమ తలకాయంత అక్షరాలున్నాయి.”

“పౌ... పౌన్లు.”

“పౌన్లు! సగానికి పైగా కోసెయ్యండి. అదీ తాడంతా విప్పేసి, డ్రమ్ము మీద ఆఖరి వరస మిగిలినప్పటి మాట. తాడు చుట్టుకునే కొద్దీ దాని బలం కూడా నా బలంలాగే దిగిపోతుంది. థూ! అంకెలకి కూడా పౌడరు రాస్తున్నారు.”

“నేనేం దాచలేదు. రాసే ఉందిగా?”

“రాసే ఉందయ్యా. చీమలు చదువుకోడానికి రాశారు. ఆ వైరు చూడు, చెవిలో పెట్టుకునే పుల్లంత ఉంది. కరెంటిచ్చావంటే బండి బయటికి రాదు, పొగ వస్తుంది.”

“సరే, ఇదిగో ఇంకోటి. దీనికి వంక పెట్టండి. పెట్టండి చూద్దాం.”

“ఏదీ... ఊఁ. డ్రమ్ము బాగుంది. తాడు బాగుంది. దీనికి వంకేం లేదు.”

“హమ్మయ్య! మామయ్య నోట్లోంచి ఆ మాట... అమ్మో. ధర ఈ చీటీ మీదుందేనా? మామయ్యా, ఇది కొనాలంటే బండి అమ్మాలి.”

“బండి అమ్మాక వించి దేనికి బిగిస్తారు? చూశారా, దీనికీ వంక ఉంది.”

“అయితే సార్, మీకు సరిపడేది ఒకటుంది. చేతి వించి. మోటారుండదు, కరెంటుండదు. ఈ పిడి ముందుకీ వెనక్కీ కొడుతుంటే అంగుళం అంగుళం లాక్కొస్తుంది. మూడు టన్నులు. పౌన్లు కాదు పెద్దాయనా, టన్నులు.”

“ఇది బాగానే ఉన్నట్టుంది మామయ్యా. టైం పడుతుందేమో గానీ...”

“అసయ్యం! మీకెలా ఉందో గానీ నాకు మాత్రం పరమ అసయ్యంగా ఉంది. ఏట్లోంచి నిండు లారీని లాగినవాడి అల్లుడు, బోరింగు కొట్టుకుంటున్నట్టు పిడి కొడుతూ కూచుంటాడా? నలుగురూ చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“అదిగో, మొదలెట్టారు.”

“మొదలెట్టక? ఏమయ్యా, నువ్వు వినలేదు కదూ. ఇసుక లారీ. పీకల్దాకా మునిగింది. నా బండి ముందు ఆకుపచ్చ వించి. మీట నొక్కాను...”

“నొక్కితే ఏరు రెండుగా చీలింది.”

“చీలిందని... నీకెవరు చెప్పారు?”

“లారీ వచ్చింది, లారీ చక్రం కరుచుకుని మొసళ్ళు కూడా వచ్చాయి. రెండు మొసళ్ళు.”

“ఒక్కటేనయ్యా! రెండెక్కడివి?”

“నాకు రెండని చెప్పారు. ఆగండాగండి, ఆ వించి నా దగ్గరే ఉంది! గోనెపట్టా కింద పడేసి మర్చేపోయాను. పోయిన నెల ఒక బ్రోకరు తెచ్చాడు. ఈ మొసళ్ళ కథ చెప్పే నాకంటగట్టాడు. ఇదిగో సార్, ఓ చెయ్యెయ్యండి, మహా బరువు.”

“అబ్బ! ఇనుమంటే ఇదీ. మామయ్యా, చూడండి. ఇటు రండి, అక్కడెందుకు నిలబడ్డారు?”

“ముట్టుకోకండి దాన్ని.”

“ఏం?”

“కంపు. చచ్చిన ఎలక కంపు.”

“నాకేం రావట్లేదే.”

“మీకు జలుబు. తుప్పు చూడండి, ఛీ!”

“తుప్పెక్కడుంది?”

“రంగు కిందుంది. అసలా రంగేమిటి, నాచు కక్కినట్టు? ఇది అమ్మినవాడు మనిషి కాదు. కొన్నవాడికి బుద్ధి లేదు. కథ చెప్పినవాడు పచ్చి అబద్ధాలకోరు.”

“పెద్దాయనా, కథ ఇప్పుడే మీరూ చెప్పారు.”

“నాది వేరే లారీ.”

“వేరే మొసలి కూడానా? సరే సార్, మాటలెందుకు, బ్యాటరీ తగిలిస్తున్నా. వినండి. పిల్లి గురక పెట్టినట్టు లేదూ?”

“భలే తిరుగుతోంది! మామయ్యా, వినండి.”

“ఖాళీగా తిరగడానికేం? ఖాళీగా నేనూ తిరుగుతా ఊరంతా.”

“దీని ధరెంత? ...అంతేనా? నా దగ్గర అంతకి కాస్త ఎక్కువే ఉంది. ఆగండి, ఈ గీతలేమిటి? మేకుతో గీశారెవరో. పిల్లిబొమ్మ. మామయ్యా! మీ అమ్మాయి చిన్నప్పుడు మీ వించి మీద పిల్లిబొమ్మ గీసి మీ చేత దెబ్బలు తిన్నానని ఇప్పటికీ చెప్తుంది.”

“అది పిల్లి కాదు, పులి.”

“పులా?”

“అంటే... దూరం నుంచి పులిలా ఉందంటున్నా.”

“ఇది మీదే! దొంగలెత్తుకుపోయారన్న వించి ఇదే! మామయ్యా, దొరికింది!”

“దొంగలేంటి సార్? నా కొట్లో దొంగ సరుకా? డబ్బిచ్చి కొన్నాను నేను. పదండి, పోలీస్ స్టేషనుకే పదండి. ఆ బ్రోకర్నీ పిలిపిద్దాం.”

“అరిచి గోల చెయ్యకయ్యా. పోలీసులెందుకు? దొంగలెవరూ లేరు. ఆ బ్రోకరుకి నేనే అమ్మాను.”

“మీరా? మరి ఎత్తుకుపోయారని ఇంట్లో అందరికీ...”

“ఇంట్లో చోటు లేక.”

“ఇంత మంచి దాన్ని అమ్మేసి, నాకు వించి కావాలని నెల నుంచీ మొత్తుకుంటుంటే ఒక్క మాట చెప్పలేదే! పోనీలెండి, దొరికిందిగా. ఏమండీ, డబ్బు తీసుకోండి. రసీదు కూడా అక్కర్లేదు.”

“సార్, రసీదు రాస్తాను. మీ మామగారిని చూశాక రసీదు లేకుండా నేనేదీ అమ్మదల్చుకోలేదు.”

“తొందరేముంది అల్లుడుగారూ, ఇంకో కొట్టు చూద్దాం. మూల మీద ఒకటుంది...”

“అక్కడే కదా మామయ్యా, ‘గొడ్డు కూడా తొక్కదు ఈ గడప’ అని మీరు ఉమ్మేసి వచ్చారు? ఇంకే కొట్టూ లేదు. దీన్ని చూస్తే మీ అమ్మాయి ఎంత సంబరపడుతుందో! కొండ దారంటే మొదట భయపడింది, తెలుసా? ‘మా నాన్న వించి లాంటిది ముందుంటే ఏ వాగులోకైనా కళ్ళు మూసుకుని దిగుతాను’ అంది.”

“దిగుతానందా?”

“అంది.”

“కళ్ళు మూసుకుని?”

“ఆఁ.”

“...ఏమయ్యా.”

“ఇప్పుడేం కంపు?”

“స్క్రూడ్రైవరుందా? ఆ పక్క మూత విప్పు.”

“బేరమైపోయాక విప్పడమేంటి?”

“విప్పమంటున్నానా! గేర్లున్న వైపు. అదీ. లోపల పెద్ద గేరు, దాని పళ్ళని స్క్రూడ్రైవరుతో గోకు. ఇంకా ఇటు. ఇంకా.”

“ఇదేంటిది? రాలిపోతోంది! ఒకటి... రెండు... సార్, ఇవి ఇనప పళ్ళు కావు. లప్పం! లప్పం పెట్టి పైన రంగేశారు!”

“మూడు. మూడోది కింద ఉంటుంది. తిప్పితే కనబడుతుంది.”

“మీకెలా...”

“తాడు బిగుసుకున్న క్షణంలో పొడైపోతాయవి. ఖాళీగా తిప్పితే పిల్లిలా గురక పెడతాయి. అలా గురక పెట్టేదాకా అరగదీసి, ఎండబెట్టి, రంగేసినవి ఈ చేతులే.”

“ఛీ! పెద్దాయనా, ఛీ!”

“అను. ఇంకో రెండు సార్లను. పొద్దుటినుంచీ ఛీ అన్నదల్లా నీ సరుకుని కాదులే.”

“మామయ్యా...”

“బ్రోకరు దాన్ని ఏ దూరదేశమో పంపిస్తాడనుకున్నాను అల్లుడుగారూ. ఇక్కడే గోనెపట్టా కింద పడుకుని మీ కోసం కాచుక్కూచుంటుందనుకోలేదు. ఏమయ్యా, నీ డబ్బు నీకు ముట్టజెప్తాను గానీ, ముందు ఆ చేతి వించి ఇలా తే. అంగుళం అంగుళమే లాగుతుందన్నావుగా? అంగుళమైనా నిజంగా లాగుతుంది. అల్లుడుగారూ, డాక్టరమ్మ లాగేదేది అనడిగింది గానీ, మోటారేది అని అడగలేదు. రేపు ఆవిడ ముందు పిడి నేనే కొడతాను.”

“అది సరే మామయ్యా. ఈ పళ్ళు ఎప్పుడు విరిగాయి?”

“లారీ లాగినప్పుడు.”

“అంటే లారీ బయటికొచ్చాక కదా?”

“ఆ లారీ ఇంకా ఏట్లోనే ఉంది అల్లుడుగారూ.”