పరదా సౌకర్యం కలదు

(వాన వెలిసిన మధ్యాహ్నం. సముద్రం ఒడ్డున ఒక ఇల్లు, మేడమీద అద్దెకిచ్చే గది. ఇంటావిడ, గదిలో దిగిన ఆడమనిషి, ఆమె అయిదేళ్ళ కూతురు.)

“...దుప్పటి ఆకుపచ్చ, బకెట్టు ఆకుపచ్చ, గోడలూ ఆకుపచ్చే. సబ్బు కూడా ఆకుపచ్చది కావాలని నాలుగు కొట్లకి మనిషిని తిప్పాను చెల్లెమ్మా. మీవాళ్ళకి ఏ లోటూ రాకూడదని.”

“నాలుగు కొట్లా! అయ్యో అక్కా, నాకు గులాబీ రంగంటే ఇష్టం.”

“గులాబీనా? మీలో అది పనికొస్తుందా?”

“మా ఇంట్లో దోమతెర ఆ రంగే. ఇంతవరకూ ఎవరూ వచ్చి పట్టుకుపోలేదు.”

“అమ్మీ, సముద్రం ఏదీ?”

“ఉండమ్మా. ఆంటీ మాట్లాడుతోంది కదా.”

“ముందు ఇది చూడండి. పైకి, కప్పు మీద. కనిపించిందా?”

“బాణం గుర్తు. ఎందుకక్కా, ఫ్యాను ఎటు తిరుగుతుందో తెలియడానికా?”

“అయ్యో, నమాజుకమ్మా! మీరు ఎటు తిరగాలో అటు. మా ఆయనే నిచ్చెనెక్కి గీశారు. ఫోనులో ఎవరో పెద్ద పట్టీ రాశారట, ముస్లిం యాత్రికులు వస్తే గదిలో ఏమేం ఉండాలీ అని. అది చూసి అన్నీ అమర్చేశాం. బోర్డు పెట్టి రెండు నెల్లయింది. మీరే మొదటివాళ్ళు.”

“బోర్డు చూశాను. ‘ముస్లిం యాత్రికులకు ప్రత్యేక గది, పరదా సౌకర్యం కలదు.’ చూసి, హమ్మయ్య అనుకున్నాను. ముందు రెండు చోట్ల నా తలమీద గుడ్డ చూడగానే కుళాయిలు పాడైపోయాయి.”

“కుళాయిలా?”

“అవునక్కా. నేను గుమ్మంలోకి రాగానే వాళ్ళ ఇంట్లో కుళాయి పాడవుతుంది, నేను వెళ్ళగానే బాగవుతుంది. అది సరే గానీ, పడమరకి చూపించాల్సిన ఈ బాణం సూటిగా ఆ కిటికీ వైపు చూపిస్తోంది. మరి ఆ కిటికీ...”

“కిటికీ సంగతి తర్వాత. ఈ గడియారం చూడండి! రోజుకి అయిదుసార్లు మోగుతుంది. పొద్దున్న ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు, మళ్ళీ ఆరు.”

“మూడు గంటలకోసారా? జ్వరం మాత్ర వేసుకున్నట్టుంది.”

“అయిదు అన్నారని సరిగ్గా అయిదు పెట్టాం. కాదా?”

“లెక్క సరిపోయింది. దేవుడు సర్దుకుంటాడులెండి.”

“మనం ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. పోయిన వారం పెట్టి చూశాం, వీధి చివర వాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు.”

“ఏమేవ్! ఆవిడకి చెంబు చూపించావా?”

“చూపించానత్తయ్యా! ...మా అత్తగారు, కింద గదిలో ఉంటారు. మూడు చెంబులు పెట్టించారు బాత్రూములో, మీ పద్ధతులు తెలియవు కదా, ఒకటి చాలకపోతే అని.”

“ముగ్గురం వస్తే పనికొచ్చేవి.”

“అదే అడుగుదామనుకున్నాను. మీవారు వెనకాల వస్తున్నారా?”

“రారక్కా. ఆయన ఇంట్లో ఉన్నాడు, చిన్నోణ్ణి పెట్టుకుని. వాడికి పళ్ళొస్తున్నాయి, ఒకటే విరేచనాలు. బస్సు దిగేలోపు ఏడుసార్లు ఫోను చేశాను.”

“మగాడు? ఒక్కడే? పిల్లాణ్ణి పెట్టుకుని?”

“వండుకుంటాడు కూడా. అన్నం కాస్త ముద్దవుతుంది.”

“మిమ్మల్ని ఒక్కళ్ళనే, ఇంత దూరం... మీలో పంపిస్తారా?”

“మాలో అంటే?”

“అంటే... అదే... కట్టుబాట్లు ఉంటాయి కదా పాపం మీకు. ఏమీ అనుకోకపోతే ఒకటి అడగనా? మీరు ఎన్నో ఆవిడ ఆయనకి?”

“మొదటి ఆవిణ్ణీ నేనే, ఆఖరి ఆవిణ్ణీ నేనే. నా ఒక్కదాని కంగారు భరించడానికే ఆయన ఓపిక చాలడం లేదు.”

“అమ్మీ, చప్పుడొస్తోంది! గోడ వెనకాల ఉంది సముద్రం!”

“అవును బంగారూ. అక్కా, ఆ కిటికీ ఒక్కసారి తెరిస్తే దీని ఏడుపు ఆగుతుంది.”

“అది తెరుచుకోదు చెల్లెమ్మా.”

“వానకి బిగుసుకుందా?”

“మేకులు కొట్టించాం. మీకోసమే! పరదా సౌకర్యం అంటే అదే మరి. బోర్డు చదివారుగా. బయట పడవలవాళ్ళు, చేపలవాళ్ళు, అందరూ తిరుగుతూ ఉంటారు. మీవాళ్ళు ఎవరి కంటా పడకూడదు కదా.”

“నేను రెండు బస్సులు మారి వచ్చానక్కా. రెండో బస్సులో ఇరవైమంది మగవాళ్ళ మధ్య కూచుని వచ్చాను. ఎవరి కళ్ళూ పోలేదు.”

“అది బయట. ఇది ఇల్లు.”

“అక్కా, మీకు వివరంగా చెప్తాను వినండి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా సముద్రం పాఠం వచ్చింది. అలలు ఎందుకొస్తాయీ అన్న చోటికి వచ్చేసరికి మా నాన్న బడి మాన్పించాడు. అవి ఎందుకొస్తాయో నాకు ఇప్పటికీ తెలీదు. దీనికైనా చూపిద్దామని ఏడాది నుంచి మాటిస్తున్నాను. తీరా వస్తే గాలివాన అని ఒడ్డున ఎర్రజెండా పాతారట, పోలీసులు రోడ్డు మీదే తాడు కట్టారు, ఎల్లుండి దాకా ఎవర్నీ ఒడ్డు కనిపించేంత దూరం కూడా వెళ్ళనివ్వరట. మాకు రేపు తెల్లారి బస్సు. ఇంక ఈ కిటికీ తప్ప నాకు దిక్కు లేదు.”

“పక్క గదిలోంచి చూపిద్దామంటే అది మా ఆయన సామాన్ల గది, తాళం.”

“డాబా మీద నుంచి?”

“ఆ తాళం అత్తగారి కొంగున ఉంటుంది.”

“అడగండి.”

“ఎవర్ని? అత్తగార్నా? ...ఏం పాపా, సముద్రమంటే ఎలా ఉంటుందో నేను చెప్పనా? నీలంగా ఉంటుంది. చాలా పెద్దది. మధ్యలో తెల్ల తెరచాప పడవ. ఇటుపక్క ఒక కొబ్బరిచెట్టు, వంగి ఉంటుంది.”

“పైన సూర్యుడా?”

“ఆ, సూర్యుడు. ఎర్రగా.”

“అమ్మీ, ఆంటీ కిందున్న క్యాలెండరు చెప్తోంది.”

“ఊరుకో. అలా అనకూడదు. ...అక్కా, మీకు ఇక్కడ ఎన్నేళ్ళ కాపురం?”

“పదకొండు నిండాయి.”

“మరి రోజూ చూస్తుంటారు కదా.”

“రోజూ వింటాను. నిద్రలో కూడా వినపడుతుంది. మా పిల్లలు బడి నుంచి వస్తూ చూసొచ్చి చెప్తారు, ఇవాళ అలలు పెద్దవమ్మా, ఇవాళ చిన్నవమ్మా అని. నేను సంతకెళ్ళేది అటువైపు. సముద్రం ఇటువైపు. ఇటు పని ఏముంటుంది?”

“పని లేదు, నిజమే. ఈ మేకులు ఎప్పుడు కొట్టించారన్నారు?”

“బోర్డు పెట్టినప్పుడే. రెండు నెలలు.”

“అంతా తుప్పేనే.”

“సముద్రపు గాలి! ఇక్కడ ఇనుము ఆర్నెల్లు ఆగదు. మా గేటు చూశారుగా, చేత్తో తడితే రాలుతుంది.”

“తుప్పు సరే. మేకు తల మీద ఆకుపచ్చ రంగు. గోరుతో గీకితే కింద పసుపు. దాని కింద నీలం. మా ఆయన వడ్రంగి అక్కా. చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు కూడా చెక్కలు నేనే పట్టుకునేదాన్ని. రెండు నెలల్లో మూడుసార్లు రంగు వేయించారా ఈ గదికి?”

“టీ తాగుతారా? మీరు తాగొచ్చు కదా?”

“మేం కూడా మనుషులమే, తాగుతాం. మేకుల సంగతి అడిగాను.”

“మీకు ఎందుకమ్మా అవన్నీ? గదికి వచ్చారు, ఉండండి, వెళ్ళండి. మీవాళ్ళని చూస్తే జాలేసి ఇంత చేశాను. ఆ గుడ్డ కింద ఎంత ఉక్కపోస్తుందో, ఇంట్లో ఎన్ని ఆంక్షలుంటాయో అని ఇన్నాళ్ళూ అనుకున్నాను.”

“అమ్మీ, నాకు సముద్రం కావాలీ...”

“ఏడవకే, ఏడవకు. దగ్గొస్తుంది. అదిగో వచ్చేసింది. అక్కా, ఆ సంచి ఇటు అందుకోండి. అది కాదు, పెద్దది. దగ్గుమందు... జ్వరం చూసే గొట్టం... టార్చిలైటు... ఇదిగో.”

“కటింగ్ ప్లయరా! పిల్లదాన్ని వేసుకుని ఊరికొస్తూ కటింగ్ ప్లయరు తెచ్చుకున్నారా?”

“బస్సు సీటు సందులో దాని వేలు ఇరుక్కుంటే? నేను అన్నీ పెట్టుకుంటానక్కా. మా ఆయన నవ్వుతాడు, ఒక్క నిచ్చెన మర్చిపోయావే అని. ఆరు మేకులే ఉన్నాయి. పీకి, చూపించి, మళ్ళీ కొట్టేస్తాను. పీకింది తెలియకుండా కొట్టడం నాకొచ్చు.”

“వద్దమ్మా! మా ఆయన నాలుగింటికి వచ్చేస్తారు. కింద అత్తగారు మెలకువగానే ఉన్నారు. ఇంత చప్పుడైనా మెట్లెక్కి వచ్చేస్తారు.”

“ఎప్పుడూ వచ్చేస్తారా?”

“ఎప్పుడూ. ఒక్క... ఒక్క ఆ గడియారం మోగినప్పుడు తప్ప. నమాజు మధ్యలో పలకరిస్తే పాపం చుట్టుకుంటుందని ఫోనులో రాసుందట. మా ఆయన చదివి వినిపించారు. మోగితే మెట్టు కూడా తొక్కను బాబూ అన్నారావిడ.”

“ఇప్పుడు టైమెంత?”

“మూడుకి పది నిమిషాలుంది.”

“పది నిమిషాలు ముందు మోగితే కొంప మునగదు. ఎలాగూ మీ టైములన్నీ తప్పే.”

“నమాజు పేరు చెప్పి మేకులు పీకితే మీకు పాపం కాదూ?”

“అది నేనూ దేవుడూ చూసుకుంటాం. ఫోనులో రాయలేదు కదా, కూడదని?”

“...పాప ఏడుస్తోందని. పాప కోసమే సుమా. నాకైతే అక్కర్లేదు.”

“పాప కోసమే. తిప్పండి గడియారం.”

“చెవులు మూసుకో పాపా. ...ఇదిగో.”

“అమ్మో! ఇది గడియారమా, ఫైరింజనా! పట్టుకోండక్కా ఈ రెక్క. కదలకుండా. ఒకటొచ్చింది.”

“పెద్దగా చెప్పండి, వినపడట్లేదు!”

“ఒకటొచ్చింది అంటున్నాను! బాగా దిగ్గొట్టారు, ఎవరో కోపం మీద కొట్టినట్టున్నారు!”

“కోపం కాదు, భయం! నేను కాపురానికొచ్చిన వారానికి కొట్టారు! అప్పుడు ఇది మా గది!”

“రెండు! ఎందుకు?”

“పొద్దున్నే లేచి ఇక్కడ నుంచునేదాన్ని! మాది లోపలి ఊరు, నేనూ అంతకుముందు చూళ్ళేదు! పడవలు వెళ్ళేటప్పుడు ఒకాయన చెయ్యూపాడు! నాకే ఊపాడో, ఇంకెవరికి ఊపాడో! ‘కోడల్ని తెచ్చింది సముద్రానికి చూపించడానికా’ అన్నారు అత్తగారు! ఆ సాయంత్రమే మా ఆయన సుత్తి తెచ్చారు!”

“మూడు! నాలుగు! ఎన్నాళ్ళు చూశారు?”

“ఆరు రోజులు!”

“రోజుకో మేకన్నమాట!”

“నవ్వించకమ్మా, రెక్క జారిపోతుంది! ఆమధ్య ఆయన ఆ పట్టీ చదువుతున్నారు, నేను కూరగాయలు తరుగుతున్నాను! చాప కొనాలన్నారు, చెంబు కొనాలన్నారు! ‘పరదా’ అని వచ్చేసరికి, ఇదొక్కటీ కొనక్కర్లేదే, మన ఇంట్లో ముందునుంచీ ఉంది అన్నారు!”

“అయిదు! ఇంత జాలి ఇందాక నా మీదెందుకు ఖర్చు పెట్టావ్, కొంచెం మిగుల్చుకోవలసింది!”

“దెప్పు! ఇవాళ నీది! ఆరోది తియ్యి!”

“వస్తోంది... వస్తోంది... వచ్చింది! నువ్వు లాగు!”

“నేనా?”

“మరెవరు? నీ కిటికీ!”

“బిగుసుకుంది... ఉండు... అబ్బా!”

“అమ్మీ! అమ్మీ! నీలంగా లేదు! బురద రంగుంది! ఎగురుతోంది! పడవ లేదు, చెట్టు లేదు, అన్నీ నీళ్ళే!”

“పడిపోతావే, నా చెయ్యి పట్టుకో! గట్టిగా! అక్కా, చూశావా? ...అక్కా, గాలికి నీ జుట్టంతా... అక్కా?”

“మాట్లాడించకు. కాసేపు.”

“ఏమేవ్! ఆ మోత ఆపవేంటే? ఆవిడ నమాజు చేసుకుంటుంటే అంతసేపు అక్కడ నువ్వేం చేస్తున్నావే?”

“నేనూ చేసుకుంటున్నానత్తయ్యా! మీరు మెట్లెక్కకండి, పాపం చుట్టుకుంటుంది!”