ఏడు, రెండు, రెండు

మదనపల్లె, శనివారం పొద్దున. భరత్, అతని భార్య రమ్యశ్రీ. గడప దగ్గర అతని తల్లి యశోదమ్మ.

“అంత పెద్ద పెట్టె యాల దించినావు?”

“పుంగనూరికి పోతాండాను, మా అమ్మోళ్ళింటికి. ఇంక రాను.”

“పట్టుచీరలు గూడానా?”

“అన్నీ. నువ్వు ఈ పొద్దు కుప్పానికి పోకర్ ఆడేకి పోతే నేనీ ఇంట్లో ఉండను. పోకరో, నేనో తేల్చుకో.”

“ఒకటి సెప్తా, విను.”

“నీ పాఠాలు నాకొద్దు.”

“పోకర్‌లో బల్ల మీద అందరికీ కలిపి మూడు ముక్కలు, ఏడు, రెండు, రెండు పడినాయనుకో. అన్నీ సిన్న ముక్కలే. రంగు కలవదు, వరస రాదు. ఇంక పెద్దగా మారేదేం ఉండదు.”

“మన కాపురం మాదిరి.”

“ఆడ సేతిలో నిజంగా ముక్కలుండేవాడు కొంచెమే పెడతాడు. ఎదుటోడు బెదిరి లేసిపోగూడదు గదా. ఏమీ లేనోడే ఇంతింత పెట్టి భయపెడతాడు. సూడు, నీ పెట్టె.”

“నాది బ్లఫ్ అంటావు.”

“బ్లఫ్ సేసేకి గూడా అదును సూసుకోవల్ల. ఉగాదికి పోయినావు, మూణ్ణాళ్ళకు వచ్చినావు. జాతరకు పోయినావు, మళ్ళా వచ్చినావు. ఇంక ఎవురు నమ్ముతారు?”

“మీ అమ్మ బతిమాలితే వచ్చినా. నీ మొగం సూసి కాదు.”

“ఆ పిల్లని ఆపరా భరతా. ఈ ఒక్క పొద్దు కుప్పం మానుకో.”

“నువ్వుండమ్మా. సోమారానికి నీ కోడలు నీ ముందరే ఉంటాది.”

“నా పెట్టె సరే, నీ బ్యాగులో ఏముండాది? ఒక సొక్కా, ఒక చార్జరేనా?”

“ఒక్క పూటకు ఎన్ని గావాల?”

“ముక్కల డబ్బా అల్మారాలోనే ఉండాది.”

“ఆడుండాయిలే.”

“ఎప్పుడొస్తావు?”

“మూత పడతాందా, నొక్కల్నా?”

“నా పెట్టె ముట్టుకోవద్దు. అడిగిందానికి సెప్పు.”

“రానంటివి గదా. నేనెప్పుడొస్తే నీకేం?”

“పో. నువ్వొచ్చినా నేనుండను.”

“సరే. అమ్మా, పోతాండా.”

“పోయొస్తానని సెప్పరా.”

“బస్సు పోతాదమ్మా.”

రమ్యశ్రీ సోమవారం మధ్యాహ్నం పెట్టెతో తిరిగి వచ్చింది. భరత్ ఇప్పటికీ తిరిగి రాలేదు. అతను వెళ్ళింది రెండు వేల ఇరవై మూడు, జూలై పదిహేనున.