చీపురు వారం

డార్లీన్ పికెట్‌కి అరవై రెండేళ్ళు. ఏ దేశంలో ఏ ఇంట్లో అద్దెకు దిగినా, పెట్టెలు విప్పకముందే చీపురెక్కడుందో చూసుకోవడం ఆమె అలవాటు.

లిస్బన్‌లో అది వంటింటి తలుపు వెనక ఉండేది. ఫ్రాన్సులో కట్టెల కొట్టంలో. జర్మనీలో ఈ ఎస్లింగెన్ ఇంట్లో నేలమాళిగలో, సైకిళ్ళ వెనక, ఎడమచేతి గోడకున్న మేకుకి. ఒహాయోలో ఇళ్ళ కప్పులు వేసే వ్యాపారం అమ్మేసి, "యూరప్‌ని చూడ్డం కాదు డార్లీ, బతికి చూద్దాం" అని మొగుడు క్లిఫర్డ్ బయల్దేరదీసి ఆరేళ్ళయింది. ఇది నాలుగో దేశం. ఆమె కిటికీలకి తెరలు కుట్టి తగిలించేసరికి అతని అరికాళ్ళు దురద పెట్టేవి. అతను చూసిన యూరప్‌లో ఆకాశం ఎక్కువ, ఆమె చూసిన దాంట్లో నేల ఎక్కువ. ఇప్పుడు ఐదోది. స్లొవేనియాలో సరస్సు పక్కన ఇల్లు చూశాడు. అక్టోబరు ఒకటో తేదీన ప్రయాణం. నడవలో నాలుగు పెట్టెలు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి.

ఈ భవనంలో ఆరు కాపురాలు. ఒక చిన్న చెక్కపలక ఉంటుంది. సోమవారం పొద్దున అది ఎవరి తలుపు పిడికి వేలాడితే ఆ వారం మెట్లు, వాకిలి, వీధిలో కాలిబాట శుభ్రం చెయ్యాల్సింది వాళ్ళు. చలికాలమైతే మంచు కూడా ఎత్తిపొయ్యాలి. శనివారం చర్చి గంట ఆరు కొట్టేలోగా పని ముగించి, పలకని పక్క తలుపుకి తగిలించాలి. చీపురు వారం అంటే అదీ. తప్పించుకున్నవాళ్ళని ఎవరూ పల్లెత్తు మాట అనరు. గుడ్ మార్నింగ్ చెప్పడం మానేస్తారు, అంతే. రెండేళ్ళలో ఆ పలక పికెట్ల తలుపుకి పదిహేడుసార్లు వచ్చింది. పదిహేడుసార్లూ ఊడ్చింది డార్లీనే.

ఈ సోమవారం పద్దెనిమిదోసారి వచ్చింది. "క్లిఫ్, వెళ్ళిపోయేముందు ఈ ఒక్క వంతూ నువ్వు చెయ్యి," అంది ఆమె.

"అదెంతపని డార్లీ!" అన్నాడు అతను.

మళ్ళీ గుర్తుచెయ్యకూడదనుకుంది. చేశాడా, పెట్టెలు సర్దుకుని వెంట వెళ్తుంది. చెయ్యలేదా, మూడో అంతస్తులో, ఇంటి యజమానురాలు ముసలి ఎబర్లే చెల్లెలు ఖాళీచేసిన గది ఉంది. దాని తాళంచెవి నిన్నటి నుంచీ డార్లీన్ స్వెట్టర్ జేబులో ఉంది. "శనివారం ఆరింటికల్లా ఏదో ఒకటి చెప్పు. ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను," అంది ఎబర్లే. ఒక చీపురు మీద కాపురం తేల్చుకోవడమేమిటని నవ్వేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఎన్నడూ చీపురు పట్టి ఉండరు.

శనివారం ఐదయింది. మెట్లమీద ఆరురోజుల దుమ్ము, గాలికి కొట్టుకొచ్చిన ఎండుటాకులు. పెరట్లో బల్లమీద ఉల్లిపాయల రొట్టె, ఇంకా బుసబుస పొంగుతున్న కొత్త ద్రాక్షసారా. వెళ్ళిపోయేవాళ్ళకి ఎబర్లే ఇస్తున్న విందు. ఆమెకి డెబ్భై తొమ్మిదేళ్ళు. అమెరికా సైనికుల క్యాంటీన్లో ముప్పై ఏళ్ళు వండింది కాబట్టి ఇంగ్లీషు బాగా వచ్చు, అమెరికావాళ్ళ సంగతీ బాగా తెలుసు. పక్కన అదే భవనంలో ఉండే హెఫెలె. బస్సు డ్రైవరుగా చేసి పోయినేడే రిటైరయ్యాడు. అతనికి ఇంగ్లీషు ముక్క రాదు. జర్మన్ తనకి మూడువారాల్లో వచ్చేసిందని క్లిఫర్డ్ అంటాడు గానీ, అతని మాటలు హెఫెలెకి చెప్పాల్సింది ఎప్పుడూ డార్లీనే.

"అబ్బే, గొప్పకి చెప్పడం లేదుగానీ," అని ఎత్తుకున్నాడు క్లిఫర్డ్. బల్లకింద అతని మోకాలు ఊగుతూనే ఉంది. "మేం దిగిన మొదటి చలికాలం, పలక మా తలుపుకొచ్చింది. అమెరికావాడికి ఊడవడం ఏం చేతనవుతుందిలే అని మీరంతా తలుపు సందుల్లోంచి చూస్తున్నారు, చూశారా లేదా, నిజం చెప్పండి! సరే, ఐదింటికి లేచాను, ఒక చీపురు, ఒక బకెట్టు, అంతే, అరవైనాలుగు మెట్లూ పదకొండు నిమిషాల్లో ఊడ్చిపారేశాను."

డార్లీన్ చెయ్యి జేబులో తాళంచెవిని తడిమింది. ఊడవడం గురించే మాట్లాడుతున్నాడు. గుర్తొచ్చి లేస్తాడేమో.

"యాభై రెండు," అంది ఎబర్లే రొట్టె కోస్తూ.

"ఏవిటండీ?"

"మెట్లు. యాభై రెండే."

"కొన్ని రెండేసిసార్లు ఊడ్చానండీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవి అద్దంలా తయారయ్యాయి. రెండో అంతస్తు లెక్కల మాస్టారు సంచీతో బయటికొచ్చి మొదటి మెట్టుమీద కాలు పెట్టాడో లేదో జర్రున జారి, వాకిలి దాటి, వీధి దాటి, మలుపు తిరిగి, సరాసరి బస్సులోకెళ్ళి కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. బస్సు ఎవరు నడుపుతున్నారు? ఇదిగో, ఈ హెఫెలెగారే! అడగండి కావాలంటే!"

"ఏమంటున్నాడు?" అన్నాడు హెఫెలె.

"మెట్లు జారుతున్నాయంటున్నాడు," అంది డార్లీన్.

హెఫెలె గంభీరంగా తలూపాడు. "నిజమే. ఈవారం ఎవరూ ఊడవలేదుగా, ఆకులున్నాయి."

"చూశారా! ఒప్పుకున్నాడు!" అని బల్ల చరిచాడు క్లిఫర్డ్.

చర్చి గంట పావు కొట్టింది. క్లిఫర్డ్ లేచాడు. డార్లీన్ కుర్చీ అంచుకి జరిగింది. అతను మెట్లవైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, కుర్చీ వీపుమీద రెండు చేతులూ ఆనించాడు. కూర్చుని చెప్పడానికి చాలని కథ అది.

"అదేం లెండి, మెట్లు పిల్లాట. అసలుది ఫిబ్రవరి మంచు. గుర్తుందా? మొదటి అంతస్తు కిటికీల దాకా పడింది. పార పట్టాను. మన కాలిబాట అయిపోయింది. చెయ్యి ఆగదే! వీధి చివరిదాకా ఎత్తిపోశాను, ఆ పక్కవీధి, వంతెన, నది అవతలి గట్టు, పోలీసులొచ్చారు, ఆపుతారేమో అనుకున్నా, దారికి ఇరువైపులా నిలబడి సెల్యూట్ కొట్టారండీ! మేయరుగారు రాత్రిచొక్కాతోనే పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకున్నాడు."

"అప్పుడు డార్లీన్ ఎక్కడుంది?" అంది ఎబర్లే.

"పడుకునుంది పాపం. ఆవిడకి నిద్రంటే ప్రాణం."

డార్లీన్ గ్లాసు కింద పెట్టింది. ఆ మంచు పడ్డ వారం క్లిఫర్డ్ క్రీట్ దీవిలో ఉన్నాడు, రాబోయే ఇల్లు వెతుకుతూ. తెల్లవారకముందే ఆమె పార పట్టుకుంటే, హెఫెలె తన పార తెచ్చుకుని పక్కన నిలబడ్డాడు. ఆ ఊళ్ళో సాయమంటే అలాగే ఉంటుంది: మంచు ఎత్తినంతసేపూ, పార పట్టుకోవడం నీకు రాదని తిట్టాడు. మణికట్టు బెణికితే తన చేతిరుమాలు కట్టి మళ్ళీ తిట్టాడు. ఆ సాయంత్రం ఫోనులో క్లిఫర్డ్, "ఇక్కడ ఎండ చూడాలి డార్లీ!" అన్నాడు.

"ఇంతకీ ఆ మంచంతా ఎక్కడ పోశారు?" ఎబర్లే అడిగింది. "పక్కవాళ్ళ వైపు పోస్తే ఇక్కడ ఊరుకోరే."

"అద్గదీ! సరిగ్గా అడిగారు. ఈ దేశంలో రూలు రూలే కదా. పక్కవాడి వైపు పొయ్యకూడదు, ఆ పక్కవాడి వైపూ పొయ్యకూడదు. మరెక్కడ పొయ్యాలి? దేశం బయట పోశాను. దక్షిణానికి తిరిగి, ఇలా, నడుం తిప్పి, ఒక్కో పార విసిరితే స్విట్జర్లాండులో పడింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏప్రిల్‌లో అక్కణ్ణుంచి ఉత్తరం. అయ్యా, తమరి మంచు వల్ల మా పర్వతం ఒకటి నలభై అడుగులు పెరిగింది, పోస్టుకార్డులన్నీ మళ్ళీ అచ్చేసుకోవాల్సొచ్చింది, కొండెక్కినవాళ్ళు శిఖరం చేరామని జెండా పాతుకున్నాక పైకి చూస్తే ఇంకా కొండ ఉంది, దయచేసి వచ్చి దించిపొండి!"

"దించారా?"

"తీరికెక్కడిదండీ! అప్పటికే ఇటలీవాళ్ళు పిలిచారు. ఆ వాలిన గోపురం ఉంది చూడండి, పీసాలో. అందరూ పునాది తప్పంటారు. నేను ఒక్క చూపు చూసి చెప్పాను. ఎనిమిదొందల ఏళ్ళుగా ఒక పక్క కింద ఎవరూ ఊడవలేదు. దుమ్ము పేరుకుని ఆ పక్క లేచింది, అంతే! చీపురు దూర్చి రెండే రెండు ఊడ్పులు ఊడ్చాను. గోపురం నిటారుగా నిలబడింది! ఊరంతా గొల్లుమంది. టూరిస్టులు రారు, మా కడుపు కొట్టొద్దు బాబూ అని. జాలేసి, ఆ దుమ్మంతా మళ్ళీ చేటతో ఎత్తి ఉన్నచోటే పెట్టొచ్చాను. అందుకే ఎవరికీ తెలియదు."

ఎబర్లే నవ్వింది. డార్లీన్‌కీ నవ్వొచ్చింది. నలభై ఏళ్ళ క్రితం ఆమెని పడేసింది ఈ నోరే. మాటలు కోటలు దాటేవాడి కాలు గడప దాటదంటారు. క్లిఫర్డ్‌కి కాలూ దాటుతుంది, సరిహద్దులు కూడా దాటుతుంది. వంగనిది నడుమే.

ముప్పావు కొట్టింది.

"ఏమంటున్నాడు?" హెఫెలె మళ్ళీ అడిగాడు.

డార్లీన్ ఈసారి ఏదీ తగ్గించలేదు. మెట్లు, మంచు, స్విట్జర్లాండు, గోపురం, తన నిద్ర, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. హెఫెలె నవ్వలేదు. ఆమె మణికట్టువైపు చూసి, తన గ్లాసులోకి చూసుకున్నాడు.

"అన్నట్టు క్లిఫర్డ్ గారూ," అంది ఎబర్లే, కత్తి తుడుచుకుంటూ. "సోమవారం నుంచీ పలక మీ తలుపుకే ఉంది. ఆరు కొట్టడానికి ఇంకా పదినిమిషాలుంది. పదకొండు నిమిషాల్లో అరవైనాలుగు ఊడ్చినవారికి యాభై రెండొక లెక్కా? లేవండి. గోపురాలు నిలబెట్టే చెయ్యి ఎలా ఉంటుందో మేమూ చూస్తాం."

"ఓ, తప్పకుండా!" అన్నాడు క్లిఫర్డ్. హుషారుగా చొక్కా చేతులు మడిచాడు. వాకిట్లోకి వెళ్ళాడు. తలుపు వెనక చూశాడు. మెట్లకింద చూశాడు. ఎలక్ట్రిక్ మీటర్ల బీరువా తెరిచి మూశాడు. పూలకుండీ జరిపి చూశాడు. పెరట్లో ముగ్గురూ అటే తిరిగి కూర్చున్నారు. నేలమాళిగ తలుపు అతని చేతికి మూరెడు దూరంలో ఉంది.

అతను గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"డార్లీ, చీపురెక్కడుంటుంది?"

ఆ ఒక్కముక్క హెఫెలెకి ఎవరూ తిప్పి చెప్పనక్కర్లేకపోయింది. ముందు నవ్విందీ అతనే. ఎబర్లే నవ్వు అందుకుంది. "ఆల్ప్స్‌ని పెంచిన చీపురండీ అది! ఎక్కడుందో మీకే తెలియదా?"

క్లిఫర్డ్ కూడా నవ్వాడు. ఎవరు నవ్వినా కలవగలడు, అదొక విద్య. "వీళ్ళు ప్రతివారం చోటు మారుస్తారండీ! డార్లీ, చెప్పవే, టైమైపోతోంది."

"వెతుక్కో," అంది డార్లీన్.

"అలా అంటావేంటి? పోనీ, నువ్వే కాస్త..."

గంట ఆరు కొట్టడం మొదలుపెట్టింది. డార్లీన్ తాళంచెవి తీసి, రొట్టె పళ్ళెం పక్కన అందరికీ కనబడేలా పెట్టింది. "ఎబర్లేగారూ, గది ఇంకెవరికీ ఇవ్వకండి," అంది. ఆ మాట జర్మన్‌లో అంది. క్లిఫర్డ్ ఆమె మొహంవైపు, ఎబర్లే మొహంవైపు చూసి, "ఏమంటోంది? ఎవరైనా చెప్పండి, ఏమంటోంది?" అన్నాడు.

క్లిఫర్డ్ ఒకటో తేదీన రెండు పెట్టెలతో స్లొవేనియా వెళ్ళాడు. అక్కడా ఏడాదే ఉన్నాడు. డార్లీన్ మూడో అంతస్తు గదిలో తొమ్మిదేళ్ళు ఉంది. తన వంతు వచ్చినప్పుడు ఊడ్చింది, ఇంకొకరి వంతు ఎప్పుడూ ఊడవలేదు.