ఏడు పేర్లు అడిగిన కజకాయన

"తాతా, నువ్వు జట్కా తోలేటప్పుడు కజకాయన ఒకడు నీ గుర్రాన్ని బతికించినాడంట గదా? అవ్వ సెప్పింది. ఆ సంగతి సెప్పు."

మీ అవ్వ సెప్పిందా? అయితే దాంట్లో సగం నన్ను తిట్టేదే ఉంటాది. కూసో పాపా, సెప్తా. అప్పుడు మీ నాయన సంకలో బిడ్డ... కాదు కాదు, నడస్తా ఉన్నాడు. తిరపతి స్టేషను కాడినించి సత్రాలకి జట్కా బాడుగ అర్ధ రూపాయి. నా గుర్రం పేరు లచ్చి. మా పొయ్యిలో మంట దాని కాళ్ళ మీదనే, సూడు.

ఒకనాడు తడిసిన సెనిక్కాయ కట్టె, అదే ఎండు తీగల మేత, తినేసి, పొద్దున తొమ్మిదింటికి నడిబజార్లో పడిపోయింది. కడుపునొప్పి. కాళ్ళు తన్నుకుంటా ఉంటే నాకు ఏడుపే తక్కువ. పశువుల డాక్టర్ల మీటింగుకి రష్యా నుంచి వచ్చినోళ్ళ కారు దోవలేక ఆడనే నిలిచిపోయింది. దాంట్లోనించి ఒకాయప్ప దిగినాడు. గుండ్రటి మొగం, సన్న కండ్లు. నేపాళాయన అనుకున్నాము. వచ్చీరాంగానే కోటు ఇప్పి నా సేతిలో పెట్టి, లచ్చి కడుపుకి సెవి ఆనించినాడు. ఆయప్ప భాష నాకు రాదు, నా భాష ఆయప్పకి రాదు. లచ్చికి మాత్రం ఇద్దరిదీ తెలిసినట్టుండాది! ఏందో గొణుగుతా దాన్ని లేపి, గడ్డి మెలిపెట్టి కడుపు రుద్ది, మళ్ళా పడుకోనీకుండా నడిపించినాడు. ఎండలో, మధ్యాన్నం దాకా, నేనొక పక్క, ఆయప్పొక పక్క. కడాకు లచ్చి లద్ది ఏసింది సూడు, ఆయప్ప నన్ను ఎత్తి గిరగిరా తిప్పినాడు!

పేరు సెరిక్ అంట. నాకు నోరు తిరక్క శేఖరప్పా అన్నా. పలికినాడు. ఇంటికి పిల్చుకోని పోయినా, ఆ కార్లోనే మాటలు తిప్పి సెప్పే దుబాసీగా వచ్చిన కాలేజీ అయ్యవారిని గూడా. మజ్జిగ రెండు సెంబులు తాగి, "మా ఇండ్లల్లో గుర్రం పాలు పులియబెట్టి తాగతాము" అన్నాడు. మీ అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

రష్యావోడివా అంటే, కాదు, కజకును అన్నాడు. ఎవురికీ తలొంచకుండా తిరిగేవాడని ఆ మాటకు అర్థమంట. వాళ్ళ పెద్దోళ్ళు గడ్డి యాడుంటే ఆడికి మందలు తోలుకోని పోతా ఉండేవాళ్ళంట. గొర్రెబొచ్చు అదిమి చేసిన గుండ్రటిల్లు, గడియలో ఇప్పి ఒంటె మీద ఏసేదేనంట. తరవాత మందలు పోయినాయి, కరువొచ్చింది అన్నాడు. ఇంకా ఏందో సెప్పినాడు గానీ అయ్యవారు రెండు మాటలు సెప్పి మిగతాది మింగేసినాడు. కరువంటే మనకు దుబాసీ ఎందుకు పాపా? ఆయప్ప మొగంలోనే తెలిసిపాయ.

అప్పుడడిగినాడు: "నీ ఏడు తరాల పేర్లు సెప్పు." నేను మూడు సెప్పి నిలబడిపోయినా. ఆయప్ప గుక్క తిప్పుకోకుండా ఏడూ సెప్పినాడు! ఏడు తరాల లోపల ఒక్క పేరు కలిసినా వాళ్ళు పెండ్లి చేసుకోరంట. నా పెండ్లాము మా మేనత్త కూతురే అన్నా. ఆయప్ప టోపీ తీసి మీ అవ్వని సూసినాడు, నన్ను సూసినాడు, అబ్బా, ఒకటే నవ్వు!

కానీ నాకు మనసులో గుచ్చుకునింది. తెల్లారి మొదటి బస్సుకే వడమాలపేటకు పోయినా, మా మేనత్త కాడికి. ఆయమ్మ పప్పు చెరుగుతా చెరుగుతా ఆరు పేర్లు సెప్పింది. ఏడోది యాడ దొరుకుతాది? ఆరే పట్టుకోని స్టేషనుకి ఉరికినా. ఆయప్ప ఎక్కిన మద్రాసు రైలు కదలబోతా ఉండాది. కిటికీ కాడ నిలబడి ఆరూ అప్పజెప్పినా.

ఆయప్ప ఒక్కో పేరుకూ నా ఏలు ఒకటి ముడిసినాడు. ఆరు అయినాక ఏడో ఏలు పట్టుకోని, నా రొమ్ము మీద పెట్టినాడు. ఏడో పేరు నాదేనని పక్కనున్న అయ్యవారు సెప్పక్కర్లేకపాయ.

నువ్వు సల్లంగుండు తల్లీ, నీ కడుపున పుట్టినోళ్ళు ఇంకో ఏడు తరాలు లెక్కబెట్టాల. రాసుకో మరి. మా నాయన చెంగయ్య, ఆయప్ప నాయన మునెయ్య, ఆయప్ప నాయన పెద్దోబులు, ఆయప్ప నాయన...